జియోమెటలర్జీ (ఓపెన్‌కాస్ట్ గనుల ప్రణాళికలో)

ముడిఖనిజంలో లోహం ఎంత ఉందన్నదే కాక, దాన్ని రాబట్టడం ఎంత కష్టమన్నదీ లెక్కగట్టి గని తవ్వకాన్ని నిర్ణయించే పద్ధతి. ఓపెన్‌కాస్ట్ గనిని కంప్యూటర్‌లో వేలాది బ్లాకులుగా విభజిస్తారు. 1965లో వెలువడిన లెర్చ్స్-గ్రాస్‌మన్ పద్ధతి ఒక్కో బ్లాకు విలువను బట్టి గొయ్యి హద్దును తేలుస్తుంది. ఆ విలువను లోహశాతం మీదే కడితే లెక్క తప్పుతుంది.

రాయి కాఠిన్యమే చూడండి. దాన్ని నలగ్గొట్టడానికి పట్టే విద్యుత్తును బాండ్ వర్క్ ఇండెక్స్‌తో, టన్నుకు ఇన్ని కిలోవాట్-గంటలని కొలుస్తారు. రెండు బ్లాకుల్లో రాగి సమానంగానే ఉన్నా, ఒకదాని ఇండెక్స్ 10, రెండోదానిది 16 అనుకుందాం. గట్టిరాయి 100 టన్నులు నలిగే సమయంలో అదే మిల్లు మెత్తరాయి 160 టన్నులు నలపగలదు. మిల్లే ఇరుకుదారి అయిన గనిలో ఖరీదైనది టన్ను కాదు, మిల్లు గంట. అందుకే లాభాన్ని గంటకు ఇంతని చూడాలి. బంకమట్టి, ఆర్సెనిక్, ఆక్సైడ్-సల్ఫైడ్ తేడాలు కూడా లెక్కలోకొస్తాయి.

అసలు చిక్కు సగటులో ఉంది. లోహశాతాన్ని బరువుల ప్రకారం సగటు తీయొచ్చు. కాఠిన్యం, రికవరీ (ముడిఖనిజంలోంచి రాబట్టగలిగే లోహపు వాటా) అన్నిసార్లూ అలా లొంగవు. మట్టి రాయిని మంచి రాయితో కలిపితే రెండూ చెడవచ్చు. పైగా డ్రిల్లింగ్ నమూనాల్లో లోహ పరీక్షలు విరివిగా చేస్తారు, నలుగుడు పరీక్షలు ఖరీదు కనుక కొద్దిగానే.

మంగంపేట ముగ్గురాయి గనిలోనూ రాయి గ్రేడును ప్రధానంగా నిర్ణయించేది కాఠిన్యంలాంటి ఒక భౌతిక గుణమే: విశిష్ట సాంద్రత.