కాలేయమును మార్చు విద్య

మన దేహము లోపలి యవయవములలో కాలేయముకంటె పెద్దది లేదు. పెద్దవారిలో అది సుమారు కిలోన్నర బరువుండి, కుడివైపున ప్రక్కటెముకల చాటున ఒదిగియుండును. ఆయుర్వేద గ్రంథములలో దీనికి యకృత్తని పేరు. ప్రేవులు పీల్చిన యన్నసారములో అధికభాగము మొదట దీనిలోనికే వచ్చును. పిత్తరసమును పుట్టించుట, చక్కెరను దాచి వలసినపుడు విడిచిపెట్టుట, రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములను సిద్ధపఱచుట, విషములను విఱిచి వెలికి పంపుట—ఇవి యన్నియు దీని పనులే. మూత్రపిండములు చెడినవానిని యంత్రముతో రక్తము శుభ్రపఱచుచు ఏండ్ల తరబడి నిలుపవచ్చును. కాలేయమునకు బదులుగా అట్లు పనిచేయు యంత్రము నేటికిని లేదు. కావున కామెర్లు ముదిరి, జలోదరము పుట్టి, తెలివి తప్పు స్థితి వచ్చిన రోగికి మఱియొకరి కాలేయమును తెచ్చి పెట్టుట తప్ప వేఱు దారి యుండని దశ యొకటి కలదు. ఆ దారి యెట్లు ఏర్పడినదో, దానిపై ఎవరు నడువదగుదురో, ఎంత వ్యయమగునో శ్రోతలకు మనవి చేయుదును.

ఈ శస్త్రచికిత్స మనుష్యునిపై మొట్టమొదట జరిగినది 1963వ సంవత్సరము మార్చి 1వ తేదీన, అమెరికాలోని డెన్వరు నగరమున. చేసినవాడు థామస్ స్టార్జల్. అంతకుముందు 1955లోనే ఆల్బనీ నగరమున స్టూవర్ట్ వెల్చ్ అను వైద్యుడు కుక్కకు రెండవ కాలేయము నమర్చి చూచియుండెను. స్టార్జల్ కూడ కొన్నేండ్లు కుక్కలపైననే చేయి తిరుగువఱకు సాధన చేసెను. కాని కుక్కలు ఆరోగ్యవంతములు. డెన్వరు రోగి అట్టివాడు కాడు. పిత్తనాళములు మూసికొనిపోయి పుట్టిన మూడేండ్ల పసివాడు. చెడిన కాలేయము రక్తము గడ్డకట్టు పదార్థములను పుట్టింపలేదు. వెనుక జరిగిన శస్త్రచికిత్సల వలన కడుపులో ఎచ్చట చూచినను ఉబ్బిన సిరలే. కత్తి తగిలిన చోటనెల్ల రక్తము కారెను. పాత కాలేయమును తీయుచుండగనే రక్తస్రావముతో ఆ బాలుడు బల్లపైననే ప్రాణము విడిచెను.

ఆ సంవత్సరమే డెన్వరులో మఱి నలుగురికి ఈ చికిత్స చేసిరి. ఈమాఱు రక్తము కారకుండ మందు లిచ్చిరి. ఆ జాగ్రత్తయే మృత్యువునకు వేఱొక తలుపు తెఱచినది. రక్తమును ప్రక్కదారిన నడిపించుటకు పెట్టిన గొట్టములలో గడ్డలు కట్టి, అవి ఊపిరితిత్తులకు చేరెను. ఆ నలుగురిలో ఎక్కువకాలము బ్రతికినవాడు ఇరువదిమూడు దినములు బ్రతికెను. బోస్టనులో నొకటి, ప్యారిస్‌లో నొకటి జరిగిన ప్రయత్నములును అట్లే ముగిసినవి. అప్పుడు స్టార్జల్, ఎవరును ఆజ్ఞాపింపకయే, చేయి నిలిపివేసెను. మూడేండ్లకు పైగా ఎచ్చటను ఎవరును ఈ పని తలపెట్టలేదు. వైద్యచరిత్రలు వ్రాయువారు మొదటి శస్త్రచికిత్సను గొప్పగా వర్ణింతురు; నాకు మాత్రము ఈ నిలుపుదలయే అంతకంటె గొప్పదిగా తోచును.

1967 జూలైలో మరల ఆరంభించిరి. కాలేయమున కాన్సరు పుట్టిన పందొమ్మిది నెలల బాలికకు క్రొత్త కాలేయము నమర్చిరి. ఆమె సంవత్సరమునకు పైగా జీవించినది. కుట్టు నిలిచెను, కాలేయము పనిచేసెను. కాని కాన్సరు తిరిగి వచ్చి ఆమెను కబళించెను. శస్త్రవైద్యుని చేయి గెలిచినను రోగి ఓడుట సంభవమని ఆనాడు తెలిసినది. ఎట్లు మార్చవలెను అను ప్రశ్నకు తోడుగా ఎవరికి మార్చవలెను అను ప్రశ్న అప్పటినుండి వైద్యులను వదలలేదు. మరుసటి యేట, 1968 మే నెలలో, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ కాలేయమార్పిడి చేసెను. తరువాతి పదేండ్లును ఈ యిద్దరే యించుమించుగా ఈ విద్యను మోసిరి. అప్పుడు కాలేయము నమర్చుకొన్నవారిలో సంవత్సరము దాటినవారు మూడింట నొకవంతు మాత్రమే.

శరీరము పరాయి మాంసమును ఓర్వదు. ఆ యోర్వలేమిని అణచు మందు నార్వేదేశపు మట్టిలో దొరకినది. ఆ మట్టినుండి తీసిన యొక బూజునుండి స్విట్జర్లండులోని బేసెలు నగరమున శాండోజ్ అను మందుల సంస్థవారు సైక్లోస్పోరిన్ అను ద్రవ్యమును వేఱుపఱచిరి. దాని గుణమును 1970వ దశకములో జాన్ బోరెల్ మొదలగువారు కనిపెట్టిరి. 1978లో కాన్ దానిని రోగులకు మొదట ప్రయోగించెను. స్టార్జల్ 1980లో దానిని కార్టికోస్టిరాయిడు మందులతో కలిపి యిచ్చి చూడగా, మొదటి పండ్రెండుగురు కాలేయరోగులలో పదునొకండుగురు సంవత్సరము దాటిరి. 1983 జూన్‌లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ పండితసభ నొకదానిని కూర్చి, ఇది ఇక ప్రయోగము కాదు, చికిత్సయే యని నిర్ణయించెను. మాట చిన్నదే, ఫలము పెద్దది. ప్రయోగమునకు భీమా సంస్థలు సొమ్ము చెల్లింపవు, చికిత్సకు చెల్లించును. 1980వ దశకము చివరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారి చల్లని ద్రవము వచ్చినది. దానితో, తీసిన కాలేయమును కొలది గంటలలోనే అమర్చవలసిన తొందర పోయి, అర్ధదినము దాటియు నిలుపుకొని దూరపు నగరమునకు కొనిపోవుట సాధ్యమయ్యెను.

ఇట్లు చేతికి నేర్పు వచ్చినది, మందు దొరకినది; ఇక కాలేయములు చాలవయ్యెను. మెదడు మరణించి, యంత్రబలముచే ఊపిరి యాడుచున్న మనుష్యుడు మృతుడే యని చెప్పుటకు శాస్త్రమును చట్టమును రెండును ఒప్పుకొనవలెను. హార్వర్డు విశ్వవిద్యాలయపు సంఘమొకటి 1968లో దీని లక్షణములను నిర్వచించెను. మన దేశమున 1994లో అవయవమార్పిడి చట్టము, 1995లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు ప్రత్యేక చట్టము పుట్టినవి. మృతుల యవయవములను వరుసక్రమమున పంచు జీవన్‌దాన్ పథకము ఉమ్మడి రాష్ట్రమున 2013లో నడక సాగించెను. జపానులో అట్టి చట్టము 1997 వఱకు లేదు. అందువలన ఆ దేశపు వైద్యులు వేఱు త్రోవ పట్టిరి: బ్రతికియున్నవాని కాలేయములో ఒక భాగమును తీసికొనుట.

ఇది సాధ్యమగుటకు కారణము కాలేయపు సహజగుణము. మిగిలిన ముక్క కొన్ని వారములలో, కొన్ని నెలలలో పెరిగి యించుమించు పూర్వపు పరిమాణమునకు వచ్చును. ఇచ్చినవానిలోను పెరుగును, పుచ్చుకొన్నవానిలోను పెరుగును. 1988 డిసెంబరులో బ్రెజిల్ దేశపు సావోపాలోలో సిల్వానో రాయియా దీనిని మొదట ప్రయత్నించెను, రోగి దక్కలేదు. 1989 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో రసెల్ స్ట్రాంగ్ ఒక జపాను తల్లి కాలేయభాగమును ఆమె కుమారునికి అమర్చి బ్రతికించెను. ఆ నవంబరులోనే చికాగోలో క్రిస్టోఫ్ బ్రోల్ష్ తల్లినుండి కూతునకు అమర్చెను. కడుపుతీపి యన్న మన పలుకుబడికి వైద్యశాలలో ఇట్లొక యర్థము దొరకినది. మన దేశమున పసివానికి ఇది మొదట సఫలమైనది 1998 నవంబరులో, ఢిల్లీలోని అపోలో ఆసుపత్రిలో. కాంచీపురపు బాలునికి తండ్రి తన కాలేయములో భాగ మిచ్చెను. ఆ బాలుడు పెరిగి తానును వైద్యుడయ్యెను. నేడు భారతదేశమున ఏటేట జరుగు కాలేయమార్పిడులు నాలుగువేలకు పైచిలుకు. వానిలో అధికభాగము ఇట్లు బ్రతికియున్నవా రిచ్చినవే.

ఇచ్చువాని విషయమున కొంత నిలిచి యాలోచింపవలెను. అతడు రోగి కాడు. అతని దేహమునకు ఏ మేలును లేని శస్త్రచికిత్స యిది. కుడిభాగము నిచ్చిన పెద్దవారిలో వేయింటికి ఐదుగురివఱకు, ఎడమభాగము నిచ్చినవారిలో వేయింటి కొకనివఱకు మరణించు ప్రమాదము కలదని వైద్యులు లెక్కగట్టిరి. సంఖ్య చిన్నదే యగును. కాని యా ఇంటిలో అప్పటికే ఒకరు మృత్యుముఖమున నున్నారు గదా. కావున దాతకు యుక్తవయస్సు నిండియుండవలెను, రక్తవర్గము సాధారణముగా సరిపడవలెను, కాలేయమున క్రొవ్వు పేరుకొనియుండరాదు, మిగులు భాగము అతనికి చాలవలెను. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు, తాత, అవ్వ, మనుమలు—వీరు చట్టప్రకారము దగ్గఱి బంధువులు. ఇతరులు ఇచ్చుటకు అధికారసంఘపు అనుమతి కావలెను. అమ్మకము నేరము. చట్టము చూడలేనిది మఱియొకటి కలదు: ఇంటివారి ఒత్తిడి. కోడలినో, పెండ్లి కావలసిన చెల్లెలినో పదిమంది నడుమ నిలిపి అడిగినచో ఆమె కాదని యెట్లు చెప్పగలదు? దాతను ఒంటరిగా కూర్చుండబెట్టి మాటలాడు వైద్యుడే ధర్మము నెఱిగిన వైద్యుడు.

ఇక పుచ్చుకొనువాని యర్హత. తొలినాళ్లలో ఇది వైద్యుని తలపునుబట్టియే యుండెను. అమెరికాలోని మేయో వైద్యశాలవారు 2000 సంవత్సరమున ఒక లెక్కను కట్టిరి. దాని పేరు మెల్డ్. కామెర్లకు గుఱుతైన బిలిరుబిన్, మూత్రపిండముల స్థితిని దెలుపు క్రియాటినిన్, రక్తము గడ్డకట్టు కాలము—ఈ మూడింటినుండి 6 మొదలు 40 వఱకు ఒక సంఖ్య వచ్చును. సంఖ్య హెచ్చినకొలది మూడు నెలలలో మరణించు భయము హెచ్చు. 2002 ఫిబ్రవరినుండి అమెరికాలో కాలేయములను ఈ సంఖ్యనుబట్టి పంచిరి. అంతకుముందు ఎక్కువకాలము కాచుకొన్నవానికి పాలు ఎక్కువ. అప్పటినుండి ఎక్కువ యాపదలో నున్నవానికి. తరువాత సోడియము చేరినది. స్త్రీలకు క్రియాటినిన్ సహజముగా తక్కువ గనుక వారు వరుసలో వెనుకబడుచుండిరని తెలిసి, 2023లో ఆ లోపమును దిద్దిరి.

ఈ లెక్క నేర్పినది మఱియొకటి కలదు. సంఖ్య 15 కంటె తక్కువగా నున్న సామాన్యరోగికి శస్త్రచికిత్స వలని ప్రమాదమే, రోగము వలని ప్రమాదముకంటె ఎక్కువ. తొందరపడుటయు తప్పే. ఆలస్యము చేసి, మూత్రపిండములు చెడి, రక్తమున సూక్ష్మజీవులు చేరిన పిమ్మట తెచ్చుటయు తప్పే. నడుమ నున్న కాలము ఇఱుకైనది. మన యూళ్లలో రోగిని కామెర్ల మందులవారి చుట్టును త్రిప్పి, కడకు నగరమునకు తెచ్చునప్పటికి ఆ కాలము జాఱిపోవుట తఱచు.

కాన్సరు విషయమున 1967 నాటి చిక్కును విప్పినవాడు ఇటలీలోని మిలాన్ నగరపు విన్‌చెంజో మజ్జఫెర్రో. అతడు 1996లో, గడ్డ యొకటియే యుండి 5 సెంటీమీటర్లకు మించనప్పుడును, మూడింటివఱకు ఉండి ఏదియు 3 సెంటీమీటర్లకు మించనప్పుడును మార్పిడి చేసిన రోగులలో నాలుగేండ్లకు నూటికి డెబ్బదియైదుగురు జీవించిరని చూపెను. చికిత్స మాఱలేదు, ఎంపిక మాఱినది. మద్యము వలన కాలేయము చెడినవారి విషయమున ఆఱు నెలలు మానియుండవలెనను నియమము చాలకాలము నడచెను. మానినచో కొందఱి కాలేయము తనంతట తానే కోలుకొనును గనుక దానికొక వైద్యకారణము కలదు. కాని తీవ్రరోగమున అంతకాలము బ్రతుకనివారు కలరు. 2011లో ఫ్రాన్సు, బెల్జియము వైద్యులు అట్టివారిలో కొందఱిని జాగ్రత్తగా నెన్ని వెంటనే మార్పిడి చేయగా, ఆఱు నెలలకు నూటికి డెబ్బదియేడుగురు బ్రతికియుండిరి, చేయనివారిలో ఇరువదిమూడుగురే. త్రాగినవాడు అనర్హుడని తీర్పు చెప్పుటకు వైద్యుడు న్యాయాధిపతి కాడని నా యభిప్రాయము. అతడు మరల త్రాగకుండునా, ఇంటిలో కాచువారున్నారా యను ప్రశ్నలు మాత్రము అడుగదగినవే.

తుదకు సొమ్ము. అమెరికాలో 2020 నాటి లెక్కప్రకారము ఒక కాలేయమార్పిడికి వేయబడు మొత్తము ఎనిమిది లక్షల డాలర్లకు పైన. మన దేశమున ప్రైవేటు ఆసుపత్రులలో సామాన్యముగా ఇరువది లక్షలనుండి ముప్పది లక్షల రూపాయల వఱకు అగుచున్నది. ఒక్క రోగికి రెండు శస్త్రచికిత్సలు, పది పండ్రెండు గంటల పని, రెండు వైద్యబృందములు, రక్తపు సంచులు, దినముల తరబడి తీవ్రరక్షణ—వ్యయమునకు కారణ మిదియే. హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వాసుపత్రిలో ఆరోగ్యశ్రీ పథకము క్రింద పేదలకు ఈ చికిత్స సొమ్ము లేకయే జరిగియున్నది. ఐనను ఇంటివారు లెక్కలో చేర్చుకొనని వ్యయములు కొన్ని కలవు. భార్య దాత, భర్త రోగి యైనప్పుడు ఇద్దఱి కూలియు కొన్ని నెలలు ఆగును. నగరమున గది యద్దె, మాటిమాటికి రక్తపరీక్షలు తప్పవు. అన్నిటికంటె ముఖ్యము, శరీరపు ఓర్వలేమిని అణచు మందులు బ్రతికినన్నాళ్లు మ్రింగవలెను. మొదటి యేడాది బంధువులును దాతలును తోడగుదురు; మూడవ యేటికి ఆ తోడు సన్నగిల్లును. ఒంటికి నెమ్మదిగా నున్నదిగదా యని, చేత సొమ్ము లేదని, మాత్రలు మానినవారిలో శరీరము ఆ కాలేయమును త్రోసిపుచ్చును. మరల కామెర్లు తిరుగును. అప్పటికి ఆ యింటిలో ఇచ్చుటకు రెండవ దాత యుండడు.