ఇంజన్ ఆయిల్‌లో ఆక్సీకరణ నిరోధకాలు: చరిత్ర

వేడెక్కిన ఇంజన్‌లో గాలి తగిలిన నూనె క్రమంగా చిక్కబడుతుంది, పులుస్తుంది, మడ్డి కడుతుంది. దీన్ని వీలైనంత ఆలస్యం చేయడానికి కొద్దిపాళ్లలో కలిపే రసాయనాలే ఆక్సీకరణ నిరోధకాలు (యాంటీఆక్సిడెంట్లు). బండి ఇరుసులకు ఆముదం పూసిన శతాబ్దాల్లో వీటి ఊసే లేదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లు కూడా ఆముదంతోనే నడిచాయి. వాటిలో నూనె పొగతోపాటు బయటికి పోయేది కనుక అది ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నే పుట్టలేదు.

నిరోధకాల జాడ దొరికింది కందెనల్లో కాదు, యుద్ధ రసాయనాల్లో. ఫ్రాన్స్‌లో షార్ల్ మురూ, షార్ల్ దుఫ్రెస్ విషవాయువుగా వాడిన ఆక్రోలీన్ నిల్వలో చెడకుండా చూడబోయి, లేశమాత్రం హైడ్రోక్వినోన్ చాలునని గమనించారు. 1922లో ఈ గుణాన్ని ప్రకటించారు. అంత కొంచెం ఎలా సరిపోతుందన్నదానికి 1927లో రసాయనవేత్త బాక్‌స్ట్రోమ్ చక్కని వివరణ ఇచ్చాడు: ఆక్సీకరణ శృంఖల చర్య, చెడిన ఒక్క అణువు ఎన్నిటినో చెడగొడుతుంది, నిరోధకం ఆ గొలుసును మొదట్లోనే తెంపుతుంది.

సిద్ధాంతం ఉన్నంతమాత్రాన పరిశ్రమ కదలలేదు. కదిలించింది నూనె తాకే లోహం. ఇంజన్లపై భారం పెరిగి మెత్తని బాబిట్ మిశ్రలోహపు బేరింగులు చాలక, 1930లలో రాగి-సీసం బేరింగులు వచ్చాయి. పులిసిన నూనె వాటిలోని సీసాన్ని తినేసి రాగిని గుల్లగా మిగిల్చేది. 1944లో యూనియన్ ఆయిల్ రసాయనవేత్త హెర్బర్ట్ ఫ్రూలర్ పేటెంట్లు పొందిన జింక్ డయల్కైల్ డైథయోఫాస్ఫేట్లను (జెడ్‌డీడీపీ) తొలుత వాడింది ఈ నష్టాన్ని ఆపడానికే. అరుగుదలను తగ్గించే గుణం తర్వాత బయటపడింది. 1947లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నూనెలను మూడు తరగతులు చేసినప్పుడు ‘ప్రీమియం’కు గుర్తు నిరోధకం ఉండడమే.

నూనెనే బాగా శుద్ధి చేస్తే ఈ రసాయనాలెందుకన్న అభ్యంతరం ఉంది. కానీ ముడినూనెలోని కొన్ని గంధక సమ్మేళనాలు సహజ నిరోధకాలు. శుద్ధి ముదిరేకొద్దీ అవీ పోతాయి. హైడ్రోజన్‌తో గాఢంగా శుద్ధి చేసిన (హైడ్రోక్రాకింగ్) నూనెకు నిరోధకం తప్పనిసరి. కలిపితే మాత్రం అది పాత నూనెలకన్నా చాలాకాలం నిలుస్తుంది.

తర్వాతి మలుపూ లోహం వల్లే. 1975 నుంచి అమెరికన్ కార్లలో చేరిన కాటలిటిక్ కన్వర్టర్ల ప్లాటినాన్ని జెడ్‌డీడీపీలోని ఫాస్ఫరస్ మందగింపజేసింది. 2004 నాటి ఇంజన్ ఆయిల్ ప్రమాణం జీఎఫ్-4 ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి కుదించగా, ఆ లోటును ఫినాల్, అమీన్ రకాలు పూడ్చాయి. పని అయిపోయిన అమీన్‌కు ఫినాల్ హైడ్రోజన్ ఇచ్చి మళ్లీ పనిలోకి దింపుతుంది. ఆ ప్రమాణపు ఇంజన్ పరీక్షలో 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 గంటలు నడిచిన నూనె చిక్కదనం 150 శాతానికి మించి పెరగకూడదని నిర్దేశించారు.