దిగులూ దడా: రెంటికీ ఒకటే వైద్యం

సీతంపేట, మందస కొండలు దాటి ఒడిశాలో అడుగుపెడితే మళ్ళీ సవర గిరిజనుల ఊళ్ళే. 1975 నుంచి ఆ సరిహద్దు పల్లెల్లో ఏళ్ళ తరబడి మకాం వేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ అక్కడ ఒక వైద్యాన్ని దగ్గరగా చూశాడు. పూనకం వచ్చే స్త్రీ కాళ్ళు బారచాపి కూర్చుంటుంది. చనిపోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె నోట మాట్లాడతారు. చుట్టూ చేరిన బంధువులు ఏడుస్తారు, తిడతారు, ఎలా పోయావని ఆరా తీస్తారు, పాత తగవులు తవ్వుతారు, మధ్యలో నవ్వుకుంటారు. కొత్తగా పోయినవాడు తనను చంపిన జబ్బునే బతికున్నవాళ్ళకూ అంటిస్తాడని అందరికీ భయం. ఏళ్ళ తరబడి మాటలు సాగేకొద్దీ ఆ భయం సడలుతుంది. చివరికి అతను పూర్వీకుల్లో కలుస్తాడు, అతని పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకు పెడతారు.

పోయినవాడి మీద బెంగ, వాడు మళ్ళీ వస్తాడేమోనన్న గుబులు. సవరలు ఈ రెంటినీ విడదీయలేదు. ఒకే చోట, అందరి ముందూ మాట్లాడించారు. విటెబ్‌స్కీ 1993లో అచ్చయిన పుస్తకంలో ఈ పద్ధతిని దుఃఖం మీద ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసం పక్కన పెట్టి చూశాడు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో కాబట్టి, ఈ సంగతి మనవాళ్ళకు పరాయిదేమీ కాదు. ఇప్పుడు సవరల కొత్తతరం చాలావరకు బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్ళింది, ఆ సంభాషణలు ఆగిపోతున్నాయి. దానికి బదులు ఏం దొరికింది?

మైదానంలో దొరికింది ఆసుపత్రి. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీకి మూడే పిచ్చాసుపత్రులు ఉండేవి: మద్రాసు, కాలికట్, విశాఖపట్నం. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు దగ్గరది విశాఖపట్నమే. 1858 చట్టం ప్రకారం వీధుల్లో తిరిగేవాణ్ణో, ప్రమాదకరంగా ఉన్నవాణ్ణో పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. ఆయన ఉత్తర్వు రాస్తే లోపలికి. కేకలు వేసేవాడికి అలా ఒక దారి దొరికింది. తెల్లారకుండానే గుండె దడతో లేచి, తిండి సయించక, ఎవరితోనూ పలకక మూల కూర్చునే కోడలి గోడు మాత్రం ఏ పోలీసు కంటా పడదు. 1912 చట్టం స్వయంగా వచ్చి చేరేందుకు వీలు కల్పించింది. కానీ ఆ గేటు దాటితే ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రావన్న భయం చట్టం కంటే బలమైంది. అందుకే దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నారు.

మందులు వచ్చాక దిగులు, దడ అనే రెండు జబ్బులకూ రెండు అరలు ఏర్పడ్డాయి. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ డిప్రెషన్ తగ్గిస్తుందని 1957లో ప్రకటించాడు. 1960లో క్లోర్‌డయాజిపాక్సైడ్, 1963లో డయాజిపామ్ ఆందోళనకు మందులుగా బజారుకొచ్చాయి. 1980లో అమెరికా సైకియాట్రీ వర్గీకరణ పాత ‘న్యూరోసిస్’ను తీసేసి డిప్రెషన్ ఒక అధ్యాయం, ఆందోళన మరో అధ్యాయం చేసింది. పరిశోధనకు అది మేలు చేసింది. రోగులకు అంత మేలు జరగలేదు. పల్లె మనిషి డాక్టరు దగ్గర దడ, గ్యాస్, నిద్రలేమి, నరాల నీరసం చెబుతాడు. చేతికి నిద్రమాత్ర వస్తుంది. నెలల తరబడి మింగితే అది అలవాటుగా మారుతుంది, లోపలి దిగులు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ జంట ఎంత గట్టిదో తుపానులు చూపించాయి. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశాలో బాధితులను పరీక్షించిన మానసిక వైద్యులకు సగానికి పైగా మందిలో ఆందోళన, సగానికి పైగా మందిలో డిప్రెషన్ కనిపించాయి. రెండూ సగం దాటాయంటే కొందరిలోనైనా రెండూ కలిసే ఉన్నట్టు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకు రావడానికి అయిదారేళ్ళు. అంతవరకూ పోయిన చెట్టుకు ఏడవాలి, ప్రతి అక్టోబరులో ఆకాశం చూసి భయపడాలి. ఆ పైన అదే ఉద్దానంలో కారణం అంతుచిక్కని కిడ్నీ జబ్బు.

వైద్యం ఇప్పుడు రెంటినీ మళ్ళీ కలిపి చూస్తోంది. గోవాలో వైద్యులు కాని స్థానికులకు కౌన్సెలింగ్ నేర్పి ‘మానస్’ ప్రయోగం చేశారు. 2010లో వెలువడిన దాని ఫలితాల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారికి మేలు కనిపించింది. అక్కడ డిప్రెషన్, ఆందోళన ఒకే పద్దు కింద లెక్క. పశ్చిమ గోదావరి పల్లెల్లో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు టాబ్లెట్ కంప్యూటర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. గత రెండు వారాల్లో ఎలా ఉందో రాబట్టే ప్రశ్నలు డిప్రెషన్‌కు తొమ్మిది, ఆందోళనకు ఏడు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మందులు రెంటికీ పనిచేస్తాయి, గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో దడ కాస్త పెరగవచ్చు కనుక డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ఈ ఒక్క మాట ముందుగా చెబితే వారానికే మందు మానేసేవాళ్ళు తగ్గుతారు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. అలాగని ఉద్దానం సర్వేల కోసం ఆగనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ మంచం మీద మనిషి నాలుగు గంటలు కదలకుండా ఉంటాడు. ఆ పదహారు ప్రశ్నలూ అడగడానికి పది నిమిషాలు చాలు, పక్కన కూర్చున్న భార్యను అడగడానికి మరో పది.