పులి భయం, బల్లేల బేరం



‘నాన్నా పులి’ కథను బడిలో ఎన్ని తరాల పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఆ కుర్రవాడు అబద్ధమాడి గడించినదేమీ లేదు. వాడే బల్లేలు కూడా అమ్మేవాడైతే కథ ఎలా నడిచేదన్న ఊహ, పదవీ విరమణ చేసి కంప్యూటరు కొన్న తరువాత గాని నాకు కలుగలేదు. యాంటీవైరస్ చందా గడువు తీరిన మర్నాడే తెరమీద ఎర్రని పెట్టె: ‘మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది!’ పెన్షను సొమ్ములోంచి కట్టాను. ఎరుపు పచ్చబడింది. ప్రమాదం తొలగిందో, అసలుందో లేదో నాకు తెలియదు. చెప్పేవాడూ అమ్మేవాడూ ఒక్కడే కదా!

ఈ బేరానికి చక్కని ఉదాహరణ 1992లో దొరుకుతుంది. అంతకు ముందు సంవత్సరం బయటపడిన ఒక వైరస్, ఫ్లాపీల ద్వారా వ్యాపించి, మార్చి 6న కంప్యూటరు తెరిస్తే హార్డుడిస్కు మొదటి భాగాన్ని పాడుచేసేది. ఆ తేదీ ఇటలీ శిల్పి మైకెలాంజెలో జన్మదినం కావడంతో దానికా పేరు స్థిరపడింది. వైరస్‌లో మాత్రం ఆయన ప్రసక్తే లేదు. 50 లక్షల కంప్యూటర్ల దాకా దెబ్బతినవచ్చునని యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ అన్నట్లు పత్రికలు మోతెక్కించాయి. అమ్మకాలు పెరిగాయి. మార్చి 6 వచ్చింది, వెళ్ళింది. దెబ్బతిన్నవి 10,000 నుంచి 20,000 వరకు ఉంటాయని తరువాతి అంచనా. ఆ అక్టోబరులోనే మెకాఫీ కంపెనీ షేరు మార్కెట్టులో అడుగుపెట్టింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ వైరస్ కల్పన కాదు. హెచ్చరిక విని ముందే తొలగించుకున్నవారు నిజంగానే బయటపడ్డారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆపద రాకుంటే ‘మా మందు పనిచేసింది’. వస్తే ‘ఇంకా గట్టి మందు కొనవలసింది’. ఎటుచూసినా గెలుపు వ్యాపారిదే.

కేంబ్రిడ్జి ఆచార్యుడు రాస్ ఆండర్సన్ 2001లోనే ఒక పత్రంలో దీని మూలాన్ని తడిమాడు. భద్రత విఫలం కావడానికి సాంకేతిక లోపాలెంత కారణమో, జాగ్రత్తపడవలసినవాడు ఒకడై నష్టపోయేవాడు మరొకడు కావడమూ అంతే కారణమని ఆయన వాదన సారాంశం.

2024 జూలై 19న కంచే చేను మేసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేటు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. దొంగ ఎవడూ రాలేదు. కావలివాడే తలుపు మూసేశాడు. మన హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. తనకు 50 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లిందని డెల్టా విమాన సంస్థ కోర్టుకెక్కింది. ఒప్పందం ప్రకారం తమ బాధ్యత పరిమితమేనని క్రౌడ్‌స్ట్రైక్ వాదించింది.

వచ్చే నెల నా చందా గడువు మళ్ళీ తీరుతుంది. కడతాననే అనుకుంటున్నాను, పులి లేదనగల ధైర్యం నాకూ లేదు. అయితే, బల్లెం విరిగితే పూచీ ఎవరిదో ఆ ఒప్పందంలో చూసుకున్నాకే ఈసారి కడతాను. మీలో ఎవరైనా దానిని ఆసాంతం చదివారా?