నవ్వు రాలేదా, నవ్వకూడదా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. సరిగ్గా ఏడు వారాల తర్వాత, నవంబర్ 30 ఆదివారం నాడు, తెలుగు సినిమావాళ్ళంతా హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో చేరి "మేము సైతం" అని 12 గంటల కార్యక్రమం చేశారు. జెమిని టీవీలో చూపించారు. పాటలు, డాన్సులు, ఆటలు, మధ్యమధ్యలో కామెడీ స్కిట్లు. పోగయిన మొత్తం సుమారు 11.5 కోట్ల రూపాయలు.

మంచి పనే, కాదనేవాళ్ళెవరు? అయినా ఆ ఆదివారం నుంచే నా చుట్టూ రెండు రకాల మాటలు వినపడ్డాయి. ఒకటి: "అక్కడ ఇళ్ళు కూలి జనం ఏడుస్తుంటే ఇక్కడ వీళ్ళకి కామెడీ కావాల్సొచ్చిందా?" రెండోది: "ఇంతమంది స్టార్లుండి స్కిట్లకి నవ్వే రాలేదేంటండీ?"

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇవి రెండు వేర్వేరు బగ్గులు. జనం రెంటినీ ఒకే టికెట్‌లో రాసి పంపించారు. మొదటిది "నవ్వకూడదు" అనే అభ్యంతరం. రెండోది "నవ్వు రాలేదు" అనే ఫిర్యాదు. చాలాసార్లు రెండోదే మొదటిదాని వేషం వేసుకొని వస్తుందని నా అనుమానం. స్కిట్ బాగా పేలితే ఎవరికీ తుఫాను గుర్తురాదు. పేలకపోతేనే అందరికీ ఔచిత్యం గుర్తొస్తుంది.

అసలు నవ్వించి చెయ్యి చాచడం మనకేం కొత్త కాదు. పగటివేషగాళ్ళ సంగతే తీసుకోండి. ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసి, రోజుకో వేషం కట్టి, ఊరి పెద్దమనుషుల్ని కూడా వదలకుండా వెక్కిరించి, చివరి రోజున ఇంటింటికీ వచ్చి సంభావన అడిగేవాళ్ళు. ప్రేక్షకుడి స్పందన ఏంటో ఆ రోజు చాటలో పడ్డ ధాన్యంతో తేలిపోయేది. వెక్కిరింత ఎప్పుడూ ఇచ్చే స్తోమత ఉన్నవాడి మీదే, లేనివాడి మీద కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

బుర్రకథ చూడండి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం మాట్లాడతారు, ఒకరు హాస్యం చెప్తారు. ప్రజానాట్యమండలి రోజుల్లో షేక్ నాజర్ 1943 నాటి బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పారు. లక్షల మంది ఆకలితో చచ్చిపోయిన కథలో కూడా హాస్య వంత స్థానం హాస్య వంతదే. "ఛీ, కరువు కథలో జోకులా?" అని ఎవరూ లేచిపోరు. ఎందుకంటే ఆ జోకు కథలోంచే పుడుతుంది. బియ్యం దాచినవాడి మీద, చూసీ చూడనట్టున్న సర్కారు మీద. నవ్వు ఆగేసరికి మళ్ళీ కరువు దగ్గరే ఉంటాం.

తర్వాత సినిమావాళ్ళొచ్చారు. 1952లో రాయలసీమ కరువుకి ఎన్టీ రామారావు తోటి కళాకారులతో ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చి వేలమంది పోయినప్పుడు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టారు. తెర మీద దేవుడిగా చూసినవాడు మన వీధిలో, దుమ్ములో, చెమటలో నిలబడి అడిగితే స్కిట్ అవసరం ఏముంటుంది? ఆయన రావడమే పెద్ద ప్రదర్శన.

1977కీ 2014కీ మధ్య మారింది ఇదే. అప్పుడు స్టార్ మన దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు మనమే సోఫాలో కూర్చుని స్టార్‌ని చూస్తున్నాం, చేతిలో రిమోట్ ఉంది. 12 గంటలు రిమోట్‌ని ఆపాలంటే ఏదో ఒకటి చెయ్యాలి, అందుకని స్కిట్లు. అయితే ఇక్కడో చిక్కుంది. 2013 ఫిబ్రవరి నుంచి ఈటీవీలో "జబర్దస్త్" వస్తోంది. వారంవారం స్కిట్లు చూసి మన జనం పంచ్ ఎక్కడ పడాలో తెలిసినవాళ్ళయిపోయారు. పొద్దస్తమానం స్కిట్లే పనిగా పెట్టుకున్నవాళ్ళతో, షూటింగ్‌ల మధ్య తీరిక చేసుకుని వచ్చిన స్టార్లు పోటీ పడలేరు. పైగా వాళ్ళ జోకులు ఎక్కువగా వాళ్ళ మీదే: ఎవరి సినిమా, ఎవరి డైలాగు, ఎవరి వారసుడు. తుఫాను ఎక్కడో, జోకు ఎక్కడో.

ఇంగ్లండ్‌లో కామిక్ రిలీఫ్ అనే సంస్థ ఇదే పనిని 1985 నుంచి చేస్తోంది. ఇథియోపియా కరువు నేపథ్యంలో మొదలైంది. 1988 ఫిబ్రవరి 5న మొదటి "రెడ్ నోస్ డే" బీబీసీలో వస్తే కోటిన్నర పౌండ్లు పోగయ్యాయి. వాళ్ళకీ ప్రేక్షకులతో తిప్పలే. 2013లో మన మిస్టర్ బీన్, అదే రోవన్ అట్కిన్సన్, చర్చి పెద్ద వేషంలో ఒక స్కిట్ చేస్తే రెండు వేలకు పైగా ఫిర్యాదులొచ్చాయి. బీబీసీ దాన్ని తన ఐప్లేయర్‌లోంచి తీసేసింది. విచిత్రమేంటంటే అదే రాత్రి ఏడున్నర కోట్ల పౌండ్లు పోగయ్యాయి, అప్పటికి అది రికార్డు. అంటే తిట్టినవాళ్ళు తిట్టారు, ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. జోకు మీద కోపం డబ్బుని ఆపలేదు.

కానీ 2019లో వచ్చిన విమర్శ వేరే రకం. ఉగాండాలో ఒక చిన్నపిల్లాడిని ఎత్తుకొని టీవీ తార దిగిన ఫొటో చూసి ఎంపీ డేవిడ్ లామీ నిలదీశాడు: ఆఫ్రికావాళ్ళని ఎప్పుడూ దిక్కులేనివాళ్ళలాగా, తెల్లవాళ్ళని రక్షకుల్లాగా చూపించడం ఇంకెన్నాళ్ళని. ఆ ఏడాది విరాళాలు 2017 కంటే తగ్గాయి. తగ్గడానికి అదొక్కటే కారణమని నేననను. కానీ 2020లో ఆ సంస్థే తారల్ని ఆఫ్రికాకి పంపి సినిమాలు తీయడం మానేస్తామని ప్రకటించింది. ఆలోచించండి. జోకు వల్ల పోయింది ఒక వీడియో. బాధితుణ్ణి చూపించే తీరు వల్ల పాతికేళ్ళ పైబడిన పద్ధతే మారిపోయింది.

ఇప్పుడు మా వర్నికి వద్దాం. నిజామాబాద్ జిల్లాలో బోధన్ పక్కన ఉంటుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఆ కాలవ నీళ్ళని నమ్ముకుని కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులొచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటాం. కాబట్టి 2014లో, రాష్ట్రం విడిపోయిన ఆరు నెలలకి, "మేము సైతం" చూస్తున్న వర్నిలో ప్రేక్షకులు ఒకే రకం కాదు. క్యాంపుల్లో కోస్తాలో చుట్టాలున్నవాళ్ళు. పక్కనే మావాళ్ళు. మా పెదనాయిన స్కిట్ చూసుకుంట అన్నది నాకింకా గుర్తుంది: "నవ్వుడు తప్పేం గాదు బిడ్డా. ఇయ్యాల తుఫానుకు నవ్విచ్చిండ్రు. మరి కాల్వల నీళ్ళు రాకపాయె, గదానికి ఎవడు నవ్విస్తడు?"

ఇది ప్రాంతాల గొడవ అని కొట్టిపారేయొద్దు. ఏడాది దాటగానే, 2015 డిసెంబర్‌లో, బోధన్ నిజాం షుగర్స్ మూతపడింది. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్ళింది, చివరికి తాళం పడింది. జీతాల్లేని కార్మికులు, చెరకు మానుకున్న రైతులు. వాళ్ళ కోసం ఏ స్టూడియోలోనూ 12 గంటల షో జరగలేదు. తుఫానుకి ఒక పేరుంటుంది, తారీఖుంటుంది, విరిగిన చెట్లుంటాయి. మెల్లగా ఎండిపోయే కాలవకీ, మెల్లగా ఆగిపోయే గానుగకీ టీవీలో చూపించే బొమ్మ ఉండదు. మా పెదనాయిన ఫిర్యాదు స్కిట్ మీద కాదు, స్కిట్ ఎవరి కోసం వేస్తారన్నదాని మీద.

అందుకే నా లెక్కలో మూడో బగ్గు ఒకటుంది, అదే అసలుది. "నవ్వు రాలేదు" అంటే రచయితని మార్చుకోవచ్చు. "నవ్వకూడదు" అంటే బుర్రకథ చూపించవచ్చు. "మా కష్టం మీకు కనపడదా" అంటే మాత్రం జవాబు చెప్పాలి.

మనలో చాలామందిమి ఆఫీసు చారిటీ డేల్లో స్కిట్లు వేసేవాళ్ళమే. ఈసారి వేసేటప్పుడు మూడు పనులు చేద్దాం. జోకు మన మీదో మన మేనేజర్ మీదో వెయ్యాలి, సాయం తీసుకునేవాళ్ళ మీద వద్దు. వాళ్ళ కష్టం ఏంటో స్కిట్‌లోనే తెలియాలి, చివర్లో స్లైడు వేసి కాదు. పోగయిన డబ్బు ఏమైందో మూడు నెలల తర్వాత అదే హాల్లో, అదే జనానికి లెక్క చెప్పాలి. ఇంకొకటి, వీలైతే: ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు టీవీలో రానివాళ్ళని కూడా ఒకసారి లిస్టులో పెట్టండి. మా బోధన్ దగ్గర్నుంచే మొదలుపెట్టినా నాకేం అభ్యంతరం లేదు.