లాడాలు కొట్టేవాళ్లను ఎవరు ఆపారు?

కృష్ణదేవరాయలు 1515 డిసెంబరులో అహోబిలం వచ్చాడు. స్వామికి ఇచ్చిన నగల వివరం అక్కడి శాసనంలో ఉంది. దారిలో ఆళ్లగడ్డ చుట్టూ నల్లరేగడి, అహోబిలం దగ్గర నల్లమల రాళ్లు. ఆ రాళ్ల మీద రాయల గుర్రాల డెక్కలకు ఏం తొడిగారు? నా వెతుకులాట అక్కడ మొదలైంది.

ఏమీ తొడగలేదని ఒక జవాబు చలామణిలో ఉంది. గుర్రాలు అమ్మే విదేశీ వర్తకులు లాడాలు కొట్టేవాళ్లను కావాలనే రానివ్వలేదట. గుర్రాలు త్వరగా చస్తే మళ్లీ అమ్ముకోవచ్చట. మూలం వెతికితే మార్కో పోలో దగ్గర తేలింది.

ముందు చోటు చూశాను. పోలో ఆ మాట అన్నది మాబారు గురించి, అంటే తమిళ తీరం గురించి. మన మోటుపల్లిని వేరే అధ్యాయంలో చెప్పాడు. కాలం 13వ శతాబ్దం చివర. రాయల రాకకు అది రెండు వందల ఏళ్లు ముందు. ఆ వాక్యాన్ని అహోబిలం దారికి అతికించలేం.

తర్వాత కారణం. అక్కడి రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొనేవాడని, చాలావరకు బతికేవి కావని పోలో రాశాడు. లాడాలు కొట్టేవాళ్లు లేరన్నాడు. అదే చోట, ఉడికించిన మాంసం, అన్నం మేతగా పెడతారనీ, అక్కడి గాలి గుర్రాలకు పడదనీ అన్నాడు. అదే వ్యాపారం గురించి రాసిన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, నలభై రోజులు కట్టేసి మేపి ఆపైన శిక్షణ లేకుండా తోలడాన్ని తప్పుపట్టాడు. చావులన్నీ డెక్క దగ్గరే మొదలయ్యాయనడానికి ఈ సాక్ష్యం చాలదు.

ఇక ఉద్దేశం. రాయలకు ముందటి విజయనగర రాజు సాళువ నరసింహుడు చచ్చిన గుర్రాలకూ వెల కట్టేవాడనీ, సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపితే చాలనీ పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. చావు వల్ల వర్తకుడికి నష్టం లేదని దీన్నిబట్టి చెప్పొచ్చు. చావు కోరుకున్నాడని చెప్పలేం.

రెండు తప్పుదారులు కూడా తొక్కాను. లాడం అన్న మాట అరబీ నఅల్‌కు దగ్గరగా వినిపిస్తుంది. అది నిజంగా అక్కడి నుంచే వచ్చినా, మాట ఎప్పుడు వచ్చిందో ఆ పోలిక చెప్పదు. శిల్పాల్లో లాడం కనిపించదంటారు. నిలబడ్డ గుర్రానికి డెక్క అడుగు ఎలా కనిపిస్తుంది?

అసలు నా మొదటి ప్రశ్నలోనే లోపం ఉంది. రాయి ఉంటే లాడం ఉండాలనుకున్నాను. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు అశ్వికుడు జెనోఫోన్ డెక్క గట్టిపడాలని గుర్రాన్ని గుండ్రాళ్ల మీద నిలబెట్టమన్నాడు. లాడం ఊసే ఎత్తలేదు. రోమన్లు డెక్క కింద ఇనుప తొడుగు పెట్టి కట్టేవారు. మేకులు కొట్టే లాడం ఐరోపాలో మామూలైంది 9, 10 శతాబ్దాల తర్వాతే. తడి నేలలో డెక్క మెత్తబడుతుంది, పొడి నేలలో బిగుస్తుంది.

లాడం అవసరం నేలను, పనిని బట్టి ఉంటుందని నంద్యాల వైపు ఎద్దును చూసినా తెలుస్తుంది. గిట్ట చీలి ఉంటుంది కాబట్టి దాని లాడం రెండు బిళ్లలు. రేగడిలో అరక లాగే ఎద్దుకు దాని అవసరం తక్కువ. కంకర రోడ్డు మీద రోజూ బరువు లాగే ఎద్దుకే లాడం కొట్టిస్తారు.