వృద్ధుల సహనివాసాలు: ఉమ్మడి తోట నేర్పిన పాఠం

వయసు మళ్లిన తరువాత ఎక్కడ, ఎవరితో కలిసి జీవించాలి అన్న ప్రశ్న నేడు అనేక తెలుగు ఇళ్లలో వినిపిస్తోంది. పిల్లలు దూరదేశాలలో స్థిరపడతారు. కట్టుకున్న ఇల్లు ఇద్దరికీ, ఆపై ఒక్కరికీ పెద్దదై భారమవుతుంది. వృద్ధాశ్రమం అన్న మాటకే మనసు వెనుకాడుతుంది. ఐరోపాలోని కొన్ని దేశాలు ఈ సంకటాన్ని మనకంటే ముందే చూశాయి. అక్కడి పెద్దలలో కొందరు తమ కోసం తామే ఒక మూడో దారిని వేసుకున్నారు. ఆంగ్లంలో దాన్ని సీనియర్ కోహౌసింగ్ అంటారు. మనం వృద్ధుల సహనివాసం అనుకుందాం.

ఇది ఆశ్రమం కాదు, ఉమ్మడి కుటుంబమూ కాదు. ఎవరి ఇల్లు వారిదే. వంటగది, తలుపు, తాళం అన్నీ వేరువేరు. వాటికి తోడు అందరికీ చెందిన ఒక ఉమ్మడి గృహం, అందులో కలిసి భోంచేసే గది, బయట ఒక తోట ఉంటాయి. వీటి నిర్వహణ నివాసులదే. సాధారణంగా పదిహేను నుంచి ముప్పై ఇళ్లకు మించకుండా చూసుకుంటారు. అంతకు మించితే ఒకరి ముఖం ఒకరికి తెలియకుండా పోతుందని వారి అనుభవం.

డెన్మార్క్‌లో మొదలు

1964లో యాన్ గుడ్మన్ హోయర్ అనే వాస్తుశిల్పి తన మిత్రులతో కలిసి, పట్టణ జీవితంలోని ఒంటరితనానికి విరుగుడుగా ఇలాంటి నివాసాన్ని ఊహించారు. స్థలం సంపాదించినా ఇరుగుపొరుగువారి అభ్యంతరాల వలన ఆ ప్రయత్నం ఫలించలేదు. 1967లో బోడిల్ గ్రో అనే రచయిత్రి, ప్రతి బిడ్డకూ వందమంది తల్లిదండ్రులు ఉండాలన్న భావంతో ఒక పత్రికా వ్యాసం రాశారు. మరుసటి ఏడాది గుడ్మన్ హోయర్ కూడా తన ఆలోచనను పత్రికాముఖంగా వివరించారు. ఈ రెండు వ్యాసాలకూ స్పందించినవారు ఒకటై 1972లో 27 ఇళ్లతో సెట్టెడామెన్‌ను, 1973లో స్క్రోప్లానెట్‌ను నిర్మించుకున్నారు.

ఇవి ప్రధానంగా పసిపిల్లలున్న కుటుంబాల కోసం పుట్టినవి. వృద్ధుల వంతు తరువాత వచ్చింది. 1980ల ఆరంభం నుంచి నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ ప్రోత్సాహంతో పెద్దల సామూహిక నివాసాలు వెలిశాయి. డెన్మార్క్‌లో 1987లో కోపెన్‌హేగన్ నగరాన మిడ్‌గోర్డెన్ అనే తొలి వృద్ధుల సహనివాసం ఏర్పడింది. అదే ఏడాది ఆ దేశం చేసిన చట్టంతో పాత తరహా నర్సింగ్ హోమ్‌ల కొత్త నిర్మాణం ఆగిపోయి, వృద్ధులకు స్వతంత్ర నివాసాలే దేశ విధానమయ్యాయి. అమెరికాకు ఈ భావనను పరిచయం చేసినవారు కాథరిన్ మెకామంట్, చార్లెస్ డ్యూరెట్ అనే వాస్తుశిల్పులు. 1988లో వెలువడిన వారి పుస్తకంతోనే కోహౌసింగ్ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది.

పద్దెనిమిదేళ్ల నిరీక్షణ

ఈ దారి ఎంత కష్టమైనదో తెలియాలంటే లండన్ మహిళల కథ చదవాలి. నెదర్లాండ్స్‌లోని సహనివాసాలను అధ్యయనం చేసిన మరియా బ్రెంటన్ 1998లో తాను చూసినవాటిని అక్కడ వివరించారు. విన్నవారిలో కొందరు మహిళలు ఒక బృందంగా ఏర్పడ్డారు. వారికి కావలసింది సేవకుల నీడలో గడిపే విశ్రాంతి కాదు, తమ జీవితంపై తమ అధికారం. స్థలాలు దొరికినట్టే దొరికి చేజారాయి. అనుమతులకు, నిధులకు ఏళ్లు పట్టాయి. చివరకు 2016 చివరిలో లండన్ ఉత్తర శివారు హై బార్నెట్‌లో న్యూ గ్రౌండ్ పేరిట 25 ఇళ్లు సిద్ధమయ్యాయి. అంటే పద్దెనిమిదేళ్లు! మొదట కలిసి కూర్చున్నవారందరికీ ఆ ఇంట అడుగుపెట్టే భాగ్యం కలగలేదు. వాటిలో 8 ఇళ్లను కొనలేనివారికి తక్కువ అద్దెకు కేటాయించడం గమనార్హం. యాభై దాటినవారు మొదలుకొని ఎనభైల చివరిలో ఉన్నవారి దాకా అక్కడ చేరారు.

తోట చుట్టూ దినచర్య

ఇటువంటి నివాసాల నిర్మాణంలో ఒక ముందుచూపు ఉంటుంది. కార్లను ప్రాంగణం అంచుననే ఆపుతారు. అక్కడి నుంచి ఇంటికి నడిచే దారి ఉమ్మడి గృహం మీదుగా, తోట పక్కగా సాగుతుంది. వంటగది కిటికీలు ఆ దారివైపే తెరుచుకుంటాయి. అందువలన ఉదయం మొక్కలకు నీళ్లు పెట్టడానికి వచ్చినవారిని నలుగురు చూస్తారు. రోజూ వచ్చే మనిషి ఒక పూట రాకపోతే ఆ లోటు వెంటనే తెలుస్తుంది, ఎవరో ఒకరు తలుపు తడతారు. ఒంటరిగా ఉన్న వృద్ధుడు స్నానాల గదిలో జారిపడి గంటల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోవడం ఎంత ప్రమాదకరమో వైద్యులందరికీ తెలుసు. కండరాలు నలిగిపోతాయి, దేహంలో నీరు తగ్గుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పనులు వంతులవారీగా సాగుతాయి. ఒకరు మడులు చూస్తారు, ఒకరు వంట, మరొకరు లెక్కలు. వంగలేనివారికి నడుము ఎత్తున మడులు కడతారు. మోకాళ్లు సహకరించనివారు విత్తనాలు ఎంచుతారు, ఏ మడిలో ఏది నాటాలో నిర్ణయిస్తారు. పని తగ్గుతుంది గాని పాత్ర పోదు. ఇక అభిప్రాయభేదాలు తప్పవు. చెట్టు కొమ్మ నరకాలా వద్దా అన్నదానిపైనా సమావేశం జరగవలసిందే. ఆ వాదోపవాదాలు కూడా మెదడుకు వ్యాయామమే.

వైద్యశాస్త్రం చెప్పేదేమిటి?

1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒక అంతస్తువారికి తమ నిర్ణయాలు తామే తీసుకోవాలని చెప్పి, నచ్చిన మొక్కను ఎంచుకుని పెంచుకోమన్నారు. మరో అంతస్తువారికీ మొక్కలిచ్చారు గాని, వాటి సంరక్షణ నర్సులే చూస్తారన్నారు. మూడు వారాలకే మొదటి అంతస్తువారిలో చురుకుదనం పెరిగింది. పద్దెనిమిది నెలల తరువాత చూస్తే మొదటి వర్గంలో 47 మందిలో 7గురు, రెండో వర్గంలో 44 మందిలో 13 మంది మరణించారు. సంఖ్యలు చిన్నవి. మరణాల తేడా అంత బలమైనది కాదని తరువాతి గణాంక సవరణలో తేలింది కూడా. కనుక మొక్క ఆయుష్షు పెంచుతుందని నేను అనను. కాని రెండు అంతస్తులలోనూ మొక్క ఉంది. తేడా అంతా దాని బాధ్యత ఎవరిదన్న దగ్గరే ఉంది.

2010లో జూలియన్ హోల్ట్ లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా వ్యక్తుల వివరాలను కలిపి పరిశీలించింది. బలమైన మానవ సంబంధాలు ఉన్నవారికి బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని అందులో తేలింది. ఉమ్మడి తోట ఈ రెంటినీ, అంటే బాధ్యతనూ సాంగత్యాన్నీ ఒకేచోట సమకూరుస్తుంది. అమ్మానాన్నలను పనిచేయనివ్వకుండా కూర్చోబెట్టడమే సేవ అనుకునే మన బిడ్డలు ఈ సంగతి ఆలోచించాలి.

సహనివాసం సర్వరోగ నివారిణి కాదు. మతిమరుపు వ్యాధి ముదిరినవారికి, మంచం పట్టినవారికి శిక్షణ పొందిన సంరక్షకులు కావాలి. తోటి వృద్ధులపై ఆ భారం మోపడం న్యాయం కాదు.

మనం చేయగలిగినది

హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో ఇటువంటి నివాసాలు కట్టేవరకు మీరు ఆగనక్కరలేదు. మీ అపార్ట్‌మెంట్ మిద్దెమీద తోటకూర, బెండ, గోంగూర పెరిగేందుకు చోటుంది. అయిదారుగురు పెద్దలు కలిసి ఉమ్మడి మిద్దె తోట వేయండి. మిద్దె బరువు మోయగలదో లేదో ముందుగా ఇంజనీరును అడగండి. ఎవరి తొట్టి వారిదిగా పంచుకోక, పనులను వంతులుగా పంచుకోండి. రాని మనిషిని ఆరా తీయడం కూడా ఒక వంతుగా పెట్టుకోండి.

కొన్ని జాగ్రత్తలు: ఎండ ముదరకముందే పని ముగించండి. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా మట్టిలో నడవరాదు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే వైద్యుణ్ని సంప్రదించండి. రక్తపోటు మందులు వాడేవారు వంగి ఒక్కసారిగా లేవకండి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. తొట్ల కింద పళ్లేలలో నీరు నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది కనుక వారానికి ఒకసారైనా వాటిని వంచి ఆరబెట్టండి.

ఇక మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే, వారి చేతికి ఒక కరివేపాకు మొక్కను అప్పగించండి. మీరు మాత్రం దానికి నీళ్లు పోయకండి.